లింగన్న జేబులో కాగితం

10 ఆగస్టు 1990, శుక్రవారం

గోడౌన్‌లో సామాను రాసుకోమని కంపెనీ ఇచ్చిన పుస్తకం ఇది. ఇప్పుడు సామాను లేదు. మంగళవారం ఇరాక్ సైనికులు లారీలు తెచ్చి ఫ్రిజ్‌లు, ఏసీలు, చివరికి మేం పెట్టెలకు చుట్టే టేపు చుట్టలు కూడా ఎక్కించుకుపోయారు. మాచేతే మోయించారు. ఈ పుస్తకం మాత్రం వాళ్లకు పనికిరాలేదు. ఇందులో నేను రాసుకుంటాను. ఎవడికీ చూపించను.

మా కఫీల్, మాకు వీసాలిచ్చిన యజమాని, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగడానికి వారం ముందే పెళ్లాం బిడ్డలతో సౌదీ పోయాడు. పాస్‌పోర్టులు ఆయన ఇనప్పెట్టెలో. ఇక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా కార్డులు నాకూ ఆంజికీ జేబులో ఉన్నాయి. లింగన్నదీ, నిజామాబాద్ అన్నదమ్ములిద్దరివీ రెన్యువల్ చేయిస్తానని తీసుకున్నాడు, అవీ పోయాయి. దజీజ్‌లో గోడౌన్ వెనక ఒక్క గదిలో ఐదుగురం. కోపం ఎవడి మీద తీర్చుకోవాలో తెలియక గోడను తన్నాను. బొటనవేలి గోరు లేచింది.

టర్లీ అయితే ఆ గోరు మీద రెండు పేజీలు రాసి జనాన్ని నవ్వించేవాడు.

ఓబెడ్ టర్లీ. అమెరికా రచయిత. చచ్చిపోయి డెబ్భై ఏళ్లు. జూన్‌లో జాబ్రియాలో ఒక అమెరికా ఇంజనీరు ఇల్లు ఖాళీ చేస్తే సామాను సర్దింది మేమే. పుస్తకాల పెట్టె అడుగు ఊడి టర్లీ నా కాళ్ల మీద పడ్డాడు. పెట్టె మీద 'పుస్తకాలు, నలభై ఒకటి' అని అప్పటికే రాసేశాను. లోపల నలభయ్యే పోయాయి. పనిలో చేరిన రోజే ఫోర్‌మన్ చెప్పాడు: లోపల ఏముందో అదే రాయి, లేనిది రాయకు, ఉన్నది వదలకు. మూడేళ్లలో నేను పెట్టె మీద రాసిన అబద్ధం అదొక్కటే.

నాకు ఇంగ్లీషు నేర్పింది ఆ పెట్టెలే. గ్లాసులు, దిండ్లు, దీపాలు, 'జాగ్రత్త, పగులుతుంది'. ఆ తర్వాత టర్లీ. వెనక అట్ట మీద ఆయన బతుకు నాలుగు ముక్కల్లో ఉంది. రాళ్లు కొట్టేవాడి కొడుకు, ఏడేళ్ల చదువు, అచ్చుకూటంలో పని, పత్రికలో అడుగున మిగిలిన ఖాళీల్లో ఊళ్లోవాళ్ల మీద జోకులు రాసి రాసి దేశమంతా పేరు. మా నాయన కడప బండల క్వారీలో కొడతాడు. నాదీ ఏడో తరగతే. ఇంకేం కావాలి.

12 ఆగస్టు

మధ్యాహ్నం అన్నం దగ్గర గదిలోవాళ్లకు టర్లీ కథ చెప్పాను. ఆయనకు పేరు తెచ్చిన కథ. వాళ్ల ఊరి పోస్ట్‌మన్ నిమ్స్‌కు నత్తి. ఇంటివాళ్ల పేరు పలకడం పూర్తయ్యేలోపు ఆ ఇంట్లో ఒక పెళ్లి, ఒక చావు, రెండు కాన్పులు అయిపోతుంటాయి. ఉత్తరం ఇచ్చేసరికి రాసినవాడే ఊరికొచ్చి భోంచేస్తుంటాడు. నేను నత్తి కూడా పలికి చూపించాను. ఆంజి అన్నం పొలమారేదాకా నవ్వాడు.

లింగన్న నవ్వలేదు. ముద్ద చేతిలో పట్టుకుని అడిగాడు.

"గా పోస్ట్‌మన్ ఏమన్నడు మరి?"

"ఏ పోస్ట్‌మన్?"

"గదే, నత్తోడు. గిట్ల రాసిన్రని ఆయనకు ఎరుకైంది గదా. ఏమన్నడు?"

నాకు తెలియదు. పుస్తకంలో లేదు. ఆంజి నా తొడ మీద కొట్టాడు. "చెప్పు సామీ, పెద్ద చదువరివి గదా. పోస్ట్‌మన్ యేమన్నాడో చెప్పల్ల!" నిజామాబాద్ అన్నదమ్ములు కూడా పళ్లికిలించారు. ఇంతసేపూ నేను చెప్పినదానికి నవ్వినవాళ్లు ఇప్పుడు నన్ను చూసి నవ్వారు.

లింగన్నది జగిత్యాల వైపు. వడ్రంగి. మేం సర్దే సామానుకు చెక్కపెట్టెలు కొడతాడు. నలభై ఏడేళ్లు, వేలిముద్ర. అతను నన్ను అడుగుతాడా.

13 ఆగస్టు

జాబ్రియాలో ఒక స్కూల్లో మనవాళ్ల పేర్లు రాసుకుంటున్నారట. ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు బస్సులు, అక్కడి నుంచి విమానం. పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంగ్లీషులో కాగితం రాయించుకు రావాలి: పేరు, ఊరు, తండ్రి పేరు, పని, కఫీల్. ఒకటి స్కూల్లో ఇచ్చి ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

గదిలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కార్బన్ పెట్టి అందరివీ రాశాను. నాదీ, ఆంజిదీ, అన్నదమ్ములవీ ఐదేసి లైన్లు. లింగన్నది పేజీ నిండా.

"మస్తు రాసినవ్ తమ్మీ," అన్నాడు లింగన్న. "నా గురించి గింత ఉన్నదా?"

"ఉంది లింగన్నా."

14 ఆగస్టు

చాలా బాగా వచ్చింది. నాలుగుసార్లు చదువుకున్నాను. టర్లీ కూడా మార్చడానికి మాట వెతుక్కోవాలి.

కార్బన్ కాపీలు ఆంజి తీసుకుపోయి స్కూల్లో ఇచ్చాడు. అక్కడ వేల కాగితాలు. ఎవరూ చదవరు, పేరు చూసి ఎక్కించుకుంటారు. పేరు సరిగ్గానే రాశాను.

16 ఆగస్టు

లింగన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో దూర్చి, అంచు కొవ్వొత్తి మంటకు కాల్చి అతికించాడు. చొక్కా పైజేబులో పెట్టి పిన్నీసు గుచ్చాడు.

"ఇగ నాకేం భయం లేదు. రొట్టెకు నేను పోత."

ఫర్వానియాలో రొట్టెల బట్టీ దగ్గర మూడు గంటల లైను. దారిలో సైతరా ఉంది, సైనికులు ఆపి కాగితాలు చూస్తారు. ఇన్నాళ్లూ నేనూ ఆంజీ వంతులేసుకుని, ఒకరి మీద ఒకరం నెట్టుకుని పోయేవాళ్లం. నిన్న నాకు కడుపునొప్పి అని చెప్పాను. నొప్పి లేదు.

"నీ దగ్గర ఇఖామా లేదు కదా," అన్నాను.

"ఇఖామాల ఏముంటది, గీంత రాత. నా కాగితం సూడు, పేజీ నిండ ఉన్నది."

వెళ్లాడు. పదిహేను రొట్టెలతో వచ్చాడు. సైనికుడు కాగితం తిప్పి తిప్పి చూసి, "హిందీ? యల్లా, రూహ్", ఇండియావాడివా, సరే పో, అని పంపించాడట. అది లింగన్న రెండుసార్లు నటించి చూపించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

17 ఆగస్టు

రొట్టె మెత్తగా ఉంది.

19 ఆగస్టు

రోజూ లింగన్నే పోతున్నాడు. నాకు పనేమీ లేక టర్లీ పుస్తకంలో ముందుమాట చదవడం మొదలుపెట్టాను. ఎవరో ప్రొఫెసర్ రాశాడు, కష్టమైన మాటలు. ఇన్నాళ్లూ దాన్ని దాటేసి కథల్లోకి పోయేవాణ్ణి. ఇరవై రెండు పేజీలకు మూడు రోజులు పట్టింది.

పోస్ట్‌మన్ నిజంగానే ఉన్నాడు. పేరు కూడా నిమ్సే. టర్లీ మార్చలేదు. కథ అచ్చయ్యాక నిమ్స్ ఏ గడప ముందు నిలబడినా పిల్లలు చుట్టూ చేరి నత్తిగా అరిచేవాళ్లట. ఆరు నెలలకు పని మానేశాడు. తర్వాత మాట్లాడటమే మానేశాడు. టర్లీకి అప్పటికి ఊరూరా సభలు, పెద్ద ఇల్లు. చాలా ఏళ్లకు, ముసలివాడయ్యాక, ఏటా ఒకసారి ఆ ఊరికి పోయి నిమ్స్ ఇంటి ముందు బెంచీ మీద కూర్చునేవాడు. నిమ్స్ తలుపు తీయలేదు. పదకొండేళ్లు.

ఆఖరికి టర్లీ ఆ కథ ఉన్న పుస్తకాలు ఎక్కడ దొరికినా కొని తెచ్చి పొయ్యిలో వేసేవాడట. ప్రొఫెసర్ దీన్ని ముసలితనపు చాదస్తం అంటాడు. పుస్తకాలు కాల్చి లాభమేముంది, అప్పటికే దేశంలో సగం మందికి ఆ కథ నోటికి వచ్చు. ఇప్పుడు ఆ ఊళ్లో టర్లీ పేరున స్కూలుంది, రాతి విగ్రహముంది, ఏటా ఆయన పుట్టినరోజున పిల్లలు ఆ కథే అప్పజెబుతారు. నిమ్స్ మనవడు పోస్ట్‌మన్ టోపీలు అమ్ముకుంటున్నాడు.

పోస్ట్‌మన్ ఏమన్నాడు అంటే ఇదీ. ఏమీ అనలేదు.

లింగన్నకు చెప్పలేదు. అతను మళ్లీ అడగలేదు కూడా.

22 ఆగస్టు

స్కూలుకు వెళ్లాను. ఒకటో తేదీ బస్సు జాబితా గోడకు అంటించారు. నా పేరుంది, ఆంజి పేరుంది, అన్నదమ్ములవి ఉన్నాయి. లింగన్న పేరు లేదు. వరసగా ఇచ్చిన ఐదు కాగితాల్లో ఒకటి లేదు.

బల్ల వెనక పెద్దాయన ఎవరో, నెరిసిన గడ్డం, ఎన్ని రోజులుగా నిద్ర లేదో. హిందీలో అడిగాను. లింగం, వడ్రంగి, దజీజ్.

ఆయన అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. "ఆ కాగితమా. ఎవడో వెధవ పరాచికాలాడాడు. గురక అట, ట్యాంకులట. ఇక్కడ జనం ఎండలో పడిపోతుంటే వాడికి ఆటగా ఉంది. చించి పారేశాను. అలాంటి మనిషే ఉండడనుకున్నాను. ఉన్నాడా? రాసిందెవరు?"

"తెలియదు సార్," అన్నాను. "ఎవడో మరి. అలాంటివాళ్లను తన్నాలి."

ఆయన తలూపాడు.

గదికి వచ్చి లింగన్నకు జాబితా ఇంకా వేయలేదని చెప్పాను.

23 ఆగస్టు

కాగితం చించింది ఆయన. నేను కాదు. మనిషిని పిలిచి కనుక్కోవాలి కదా. పేరు సరిగ్గానే రాశాను.

24 ఆగస్టు, శుక్రవారం

ఫర్వానియాలో ఒకడి సంచిలో ఇరాక్ సైన్యాన్ని తిట్టిన కరపత్రం దొరికిందట. తీసుకుపోయారు. రెండు రోజులైంది, రాలేదు.

లింగన్న రొట్టెలు దించి, చెమట తుడుచుకుంటూ సంబరంగా చెప్పాడు. "సైతరాల కొత్త ఆఫీసరు దిగిండు. ఇంగిలీషు దబదబ మాట్లాడ్తుండు. ఇయ్యాల ఆయన అటు మొకాన ఉన్నడు. ఈసారి ఆయనకే ఇచ్చి చదివిస్త. మనోని గురించి ఇంత మంచిగ రాసినోడు ఎవడని అడిగితే, మా పెంచలు అని చెప్త."

ఆంజి "చెప్పు చెప్పు, మావోడికి మెడల్ ఇస్తారు" అన్నాడు.



25 ఆగస్టు

కాగితంలో ఏం రాశానో ఇక్కడ తెలుగులో రాస్తాను. ఎదురుగా పెట్టుకుంటే గాని నేను కదలను.

'లింగం. బరువు రెండు ఒంటెలంత. పళ్లు పైన మూడు, కింద ఒకటి, వాటికి ఒకదానితో ఒకటికి మాటల్లేవు. పని వడ్రంగం. పది దెబ్బల్లో నాలుగు మేకుకు, ఆరు సొంత వేళ్లకు. ఇతను గురక పెడితే ఇరాక్ ట్యాంకులు భయపడి వెనక్కి పోతాయి. కువైట్‌వాళ్లు ఇతన్ని సరిహద్దులో పడుకోబెట్టి ఉంటే ఆ గాడిదలు లోపలికి వచ్చేవే కావు. నెలకోసారి కూతురు పంపిన క్యాసెట్టు ముందు కూర్చుని ఏడుస్తాడు, ఆ నీళ్లు పట్టుకుంటే కువైట్‌కు మంచినీళ్ల ఇబ్బంది ఉండదు. చదివినవారు ఇతన్ని వాడుకుని దయచేసి తిరిగి ఇవ్వగలరు.'

గాడిదలు అని రాశాను. ఆ ముక్కతో అతను తొమ్మిది రోజులు సైతరా దాటాడు. మా ఐదుగురికి రొట్టె తెచ్చాడు. ఇవాళ బట్టీ మూసి ఉందని పోలేదు.

పొద్దున స్నానానికి పోయినప్పుడు చొక్కా వెతికాను. కాగితం లేదు. స్నానానికి కూడా తీసుకుపోతాడు, సబ్బుపెట్టెలో పెట్టుకుని. కొత్తది, ఇంకా బాగా రాసిస్తాను లింగన్నా అన్నాను. "వద్దు తమ్మీ. ఇది అచ్చొచ్చింది," అన్నాడు.

26 ఆగస్టు

చెప్పాను.

రొట్టెకు బయల్దేరుతున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"లింగన్నా, ఆ కాగితం ఒకసారి ఇయ్యి. చదివి వినిపిస్తా."

"ఇప్పుడా? లైను పెరుగుతది."

"ఇప్పుడే."

ప్లాస్టిక్ చింపుతుంటే ఆయనకు బాధేసింది. నేల మీద కూర్చున్నాం. వేలు పెట్టి ఒక్కో లైనూ తెలుగులో చెప్పాను. ఒంటెల దగ్గర ఆంజి పక్కున నవ్వాడు. పళ్ల దగ్గర అన్నదమ్ములు నవ్వారు. లింగన్న కూడా నవ్వాడు. నిజంగా నవ్వాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ట్యాంకుల దగ్గర ఎవరూ నవ్వలేదు.

"గాడిదలు అనా?" అన్నాడు ఆంజి. "నీ యబ్బ, పెంచలా. ఆయప్ప దీన్ని జేబులో పెట్టుకోని వాళ్ల ముందరికి పోతాండాడు రా!"

"చదివినవారు వాడుకుని తిరిగి ఇవ్వగలరు," అని పూర్తి చేశాను. స్కూల్లో చించింది కూడా దీని కాపీనే అని, జాబితాలో పేరు లేదని, నాకు బుధవారం నుంచీ తెలుసునని అన్నీ చెప్పేశాను.

లింగన్న కాగితం వైపే చూస్తున్నాడు.

"నడుమ రెండు వరుసలు దాటినవ్," అన్నాడు.

"లేదు లింగన్నా."

"నాకు చదువు రాదు. కండ్లున్నయి. వేలు పెట్టుకుంట వచ్చినవ్, గీడ ఎత్తినవ్, గీడ దించినవ్. నడుమ ఏమున్నది?"

క్యాసెట్టు సంగతి చదివాను.

నిమ్స్ గుర్తొచ్చాడు. తలుపు వేసుకున్నట్టే ఉంది లింగన్న మొహం. ఆ క్యాసెట్లో కూతురు భాగ్యలత ఏం చెప్పిందో ఈ గదిలో తెలిసింది నాకొక్కడికే, నమ్మి నాకు చెప్పాడు. అమ్మకు ఒంట్లో బాగాలేదు నాయినా, నువ్వు రాకున్నా సరే గొంతు పంపు, అని.

"బస్సులో పేరు పోతే పోయె," అన్నాడు ఆఖరికి. "ట్యాంకుల ముచ్చట కూడా పోనీ, నేను సావలేదు గదా. గా క్యాసెట్టు ముచ్చట నీకు నేనే చెప్పిన. చెప్పకపోతే నీకు ఎరుకేనా?"

కాగితం నా చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల రొట్టెకు నువ్వు పో. గిది పట్టుకొని పో. నువ్వు రాసినవ్ గదా, నువ్వే సూపియ్యి."

ఆంజి వద్దన్నాడు. లింగన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

26, సాయంత్రం

పోయాను. ఎడమ జేబులో ఆ కాగితం, కుడి జేబులో నా ఇఖామా. సైతరాలో ఆపింది ఒక ముసలి సైనికుడు, కాళ్లకు రబ్బరు చెప్పులు. వెనక కుర్చీలో ఆఫీసరు టీ తాగుతున్నాడు. ముసలివాడు చెయ్యి చాపాడు.

రొట్టెలు తెచ్చాను. లింగన్న లేచి కూర్చుని, "ఏ కాగితం సూపిచ్చినవ్?" అన్నాడు.

"నీదే," అన్నాను.

నిజానికి సైతరాలో నా ఇఖామా చూపించాను.

లింగన్న రొట్టె తుంచి మొదటి ముక్క నాకు ఇచ్చాడు.

28 ఆగస్టు

స్కూలుకు ఇద్దరం వెళ్లాం. పొద్దున కొత్త కాగితం రాశాను. పెట్టె మీద రాసినట్టు. లోపల ఏముందో అదే. రాయడానికి కూర్చుంటే నాకేమీ తెలియదని తెలిసింది. రెండేళ్లు పక్క పక్క మంచాలు.

"తండ్రి పేరు?"

"బక్కయ్య."

"ఊరు?"

చెప్పాడు. వచ్చి పన్నెండేళ్లు అన్నాడు. భార్య వెంకటవ్వ. చేతివేళ్లు చూపించాడు, అన్నీ ఉన్నాయి, ఒక్క దెబ్బ మచ్చ లేదు. అది కూడా ఇప్పుడే చూశాను.

పెద్దాయన ముందు నిలబడి, "ఆ కాగితం రాసింది నేనే సార్," అన్నాను. ఆయన కొడతాడనుకున్నాను. తలెత్తి కూడా చూడలేదు. లింగన్నకు కుర్చీ చూపించాడు. నన్ను నిలబడనిచ్చాడు. పేరు ఎక్కించుకుని, "ఒకటో తేదీ బస్సు నిండిపోయింది. తర్వాతది ఎప్పుడో చెప్పలేను," అన్నాడు.

31 ఆగస్టు

రేపు బస్సు. నేను నీతోపాటే ఆగుతాను అని లింగన్నతో అన్నాను. పో తమ్మీ, నీ పేరు వచ్చింది, అన్నాడు. మళ్లీ అన్నాను. పో అన్నాడు. ఆయన వద్దంటున్న కొద్దీ నాకు ఆ మాట అనడం సులువవుతోంది. మూడోసారి ఇంకా గట్టిగా, ఆంజి వినేటట్టు అన్నాను.

"సరే, ఉండు," అన్నాడు లింగన్న.

ఆ మాట వస్తుందనుకోలేదు. ఆయన నా మొహం చూస్తున్నాడు. చిన్నగా నవ్వాడు, ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. టర్లీ జన్మలో రాయలేడు ఆ నవ్వు.

1 సెప్టెంబరు

ఆంజి, అన్నదమ్ములు పోయారు. నేను ఉన్నాను. రొట్టెకు నేనే పోతాను.

11 సెప్టెంబరు

బస్సులో రాస్తున్నాను. బస్రా దాటాం. లింగన్న కిటికీ పక్కన, నేను ఈ పక్క. నిన్న జాబితాలో వరసగా ఇద్దరి పేర్లూ వచ్చాయి.

సరిహద్దులో ఒక ఆఫీసరు బస్సెక్కి కాగితాలు చూశాడు. లింగన్నది పైకి చదివాడు, ఇంగ్లీషులో. ఆయన దిగాక లింగన్న కాగితం నా ఒళ్లో పరిచి, "ఏమని చదివిండు?" అన్నాడు. వేలు పెట్టి మొత్తం చెప్పాను. ఆయన నా మాట వినలేదు. నా వేలునే చూశాడు, ఆఖరి లైను దాకా.

ఒక సంగతి ఆయనకు చెప్పలేదు. పాత కాగితం ఇన్నాళ్లూ నా దగ్గరే ఉండింది. టర్లీ పుస్తకంలో, నిమ్స్ కథ దగ్గర. రొట్టెకు పోయిన రోజు నుంచీ చించుదామనే అనుకుంటూ వచ్చాను. అది దొరికి ఉంటే బస్సులో అందరినీ పట్టుకుపోయేవాళ్లు. అయినా సరిహద్దు దాకా మోసుకొచ్చాను. భయం లేక కాదు. బాగా రాశాను కాబట్టి.

ఆఫీసరు బస్సెక్కే ముందు సీటు కింద ముక్కలు ముక్కలు చేశాను. దాటాక కిటికీలోంచి వదిలేశాను, లింగన్న నిద్రలో ఉన్నప్పుడు. ఆయన గురక పెడుతున్నాడు.

కాగితం పోయింది. నాకది నోటికి వచ్చు.